కాసినో కొండమీది మఠము

(మన సంఘ సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ వేదికపై మన కవులనుగూర్చియు, మన శాసనములనుగూర్చియు, మన నాటకములనుగూర్చియు పెద్దలు ప్రసంగింపగా మనము ఏటేట వినుచునే యున్నాము. ఈ పర్యాయము కార్యదర్శిగారు నన్ను మాటలాడుమని కోరి, విషయమును ఎన్నుకొను స్వాతంత్ర్యమును గూడ నాకే విడిచిరి. ఆ స్వాతంత్ర్యమును కొంచెము దూరము వాడుకొని, మిమ్ములను ఈ సాయంకాలము ఇటలీ దేశమునకు తీసికొనిపోవ దలచితిని. రోము నగరమునకు ఆగ్నేయముగా, నేపుల్సు పోవు దారిలో, సుమారు 130 కిలోమీటర్ల దూరమున కాసినో అను పట్టణము కలదు. ఆ పట్టణమునకు నెత్తిమీద అన్నట్లు, 500 మీటర్లకు మించిన ఎత్తున ఒక కొండ. ఆ కొండమీద ఒక మఠము. దానిని మాంటె కాసినో అందురు. క్రీ. శ. 529 ప్రాంతమున స్థాపింపబడిన ఆ మఠము నేటికిని ఉన్నది. కాని ఈ పదునైదు శతాబ్దములలో అది నాలుగుమారులు కూలినది.

నేను మతప్రబోధము చేయుటకు నిలువలేదు. అందుకు నాకు అధికారమును లేదు, అభిలాషయు లేదు. కళాశాలలో చరిత్ర చదివి, తరువాత ఫైళ్ళమధ్య బ్రదుకు సాగించుచున్న వానికి తోచిన ప్రశ్నను మాత్రమే మీ ముందుంచుచున్నాను. నాలుగుమారులు కూలిన సంస్థ నాలుగుమారులు ఎట్లు లేచినది? గోడలు పోయినప్పుడు, దానియందు పోక మిగిలినది ఏమి?

మఠమును స్థాపించిన బెనెడిక్టు 480 ప్రాంతమున మధ్య ఇటలీలోని నూర్సియా అను ఊర జన్మించెను. చదువుకొనుటకై రోమునకు పోయి, అచ్చటి నడవడిని రోసి, చదువు విడిచి, సుబియాకో అను చోట ఒక గుహలో మూడేండ్లు ఏకాంతవాసము చేసెనని పోపు గ్రెగరీ వ్రాసియున్నాడు. 593 ప్రాంతమున రచింపబడిన ఆ గ్రంథమే బెనెడిక్టు జీవితమునకు ప్రధానాధారము. పడమటి రోమక సామ్రాజ్యము 476లోనే అస్తమించినది. బెనెడిక్టు కడపటి యేండ్లలో గోతులకును కాన్‌స్టాంటినోపిల్ సేనలకును నడుమ ఇటలీ యంతయు రణరంగమైనది. అట్టి కాలమున ఆయన తన అనుచరులతో కాసినో కొండ యెక్కెను. అక్కడ అపాలో దేవుని గుడియొకటి యుండెను. పల్లెజనులు ఇంకను ఆ దేవుని కొలుచుచుండిరి. బెనెడిక్టు ఆ విగ్రహమును పగులగొట్టి, ఆ స్థలమున ప్రార్థనాలయమును కట్టించెను. ఆ కొండమీద మొదటి కూల్పు ఆయన చేతనే జరిగినదన్నమాట. చరిత్ర చెప్పువాడు దానిని దాచరాదు.

ఆ కొండమీద నుండియే ఆయన తన నియమావళిని వ్రాసెను. అది చిన్న పుస్తకము. ఉపోద్ఘాతము కాక 73 అధ్యాయములు. తనకు ముందున్న మఠనియమములనుండి ఆయన ధారాళముగా గ్రహించెనని పండితు లందురు. అయినను ఆ పాతనియమములకు లేని ఆయుస్సు దీనికి కలిగినది. కారణము అందలి మితము. శరీరమును హింసించు తపస్సును అది విధింపలేదు. రోజునకు ఇంత రొట్టె, ఇంత ద్రాక్షసారాయము, ఇంత నిద్ర అని కొలిచి యిచ్చినది. రోగికిని, వృద్ధునికిని, బాలునికిని నియమమును సడలించినది. అందలి మొదటి మాట ‘వినుము’ అనునది.

కచేరీ జీవితముతో పరిచయమున్న మనము ఆ పుస్తకమును చదివినచో, ఒకచో నవ్వును, మరియొకచో ఆశ్చర్యమును కలుగును. మనము ఇన్ని తగవులాడు సీనియారిటీ విషయమునే చూడుడు. మఠములో వరుస వయస్సునుబట్టి కాదు, పుట్టుకనుబట్టియు కాదు, చేరిన సమయమునుబట్టి. పగటి రెండవ గంటకు చేరినవాడు మొదటి గంటకు చేరినవానికంటె చిన్నవాడే. సకారణముగా మఠాధిపతి మార్చిననే తప్ప ఈ వరుస మారదు. బానిసగా పుట్టినవానికిని, స్వతంత్రుడుగా పుట్టినవానికిని వరుసలో భేదము చూపరాదని ఆరవ శతాబ్దమున శాసించుట సామాన్యమైన మాట కాదు. హాజరుపట్టీ సంగతియు అందున్నది. రాత్రి ప్రార్థనకు ఆలస్యముగా లేచువారు అందుకొనుటకు వీలుగా ఆరంభమునందలి ఒక కీర్తనను నిదానముగా పాడవలెనట. అప్పటికిని రానివానికి అందరికంటె వెనుక చోటే గతి. చదువు వేళయందు ఒకరిద్దరు పెద్దలు మఠమంతయు తిరిగి, పుస్తకము ప్రక్కన పెట్టి ముచ్చటలాడు సోదరుడెవడైన కలడేమో చూడవలెనట!

ఇక గంభీరమైన విషయములు. ముఖ్యమైన కార్యము వచ్చినప్పుడు మఠాధిపతి అందరిని సమావేశపరచి అభిప్రాయ మడుగవలెను. ఏలయన మేలైన ఆలోచన తరచు అందరికంటె చిన్నవానికి తోచును. నిర్ణయము మాత్రము మఠాధిపతిది. ఆ నిర్ణయమునకు దేవుని యెదుట లెక్క చెప్పవలసినవాడును ఆయనయే. ఉగ్రాణపు అధికారి మఠములోని పారను, గిన్నెను, గంపను పూజాపాత్రలతో సమానముగా చూడవలెను. అడిగినవానికి ఇచ్చుటకు వస్తువు లేనప్పుడు మంచి మాటయైనను ఇయ్యవలెను. ఈ ఒక్క వాక్యమును మన కచేరీలలోని ప్రతి కిటికీ దగ్గర వ్రాసి పెట్టదగును. అతిథిని క్రీస్తువలె ఆదరింపవలెను. అతిథిని దేవునిగా చూడుమను ఉపదేశము మనకు క్రొత్తది కాదు. దినమును ప్రార్థనకును, చదువునకును, చేతిపనికిని పంచవలెను. చేతిపని బానిసల వంతని భావించిన సమాజములో, చదువుకొన్నవాని చేతికి పార యిచ్చుటయు, పార పట్టినవాని చేతికి పుస్తక మిచ్చుటయు ఎంత పెద్ద మార్పో ఆలోచింపుడు.

బెనెడిక్టు 547 ప్రాంతమున మరణించెను. ఆయన పోయిన ముప్పదియేండ్లకే, 577 ప్రాంతమున, లంబార్డులు రాత్రివేళ కొండపైబడి మఠమును కొల్లగొట్టిరి. ఇది మొదటి పతనము. సన్యాసులు ప్రాణములతో తప్పించుకొని రోమునకు పారిపోయిరి. అట్లు పోవునప్పుడు వారు తమవెంట తీసికొనిపోయిన వస్తువుల జాబితాను, తరువాత ఆ మఠముననే వసించిన పౌలు అను చరిత్రకారుడు వ్రాసి యుంచెను. నియమావళి పుస్తకము, మరికొన్ని వ్రాతప్రతులు, రొట్టెను తూచు రాయి, ద్రాక్షసారాయమును కొలుచు పాత్ర. ఇల్లు తగులబడుచుండగా మనుష్యుడు చేతికందిన విలువగల వస్తువును పట్టుకొని పరుగెత్తును. వీరు పట్టుకొని పరుగెత్తినవి ఒక నియమము, ఒక తూనిక, ఒక కొలత. ఆ మూడును ఉన్నచో మఠమును ఎక్కడనైన మరల పెట్టవచ్చును. అవి లేనిచో ఎంత గొప్ప భవనమైనను సత్రము మాత్రమే.

కొండ నూటనలువది యేండ్లు పాడుపడి యుండెను. 717 ప్రాంతమున బ్రెషియా నగరవాసియగు పెట్రొనాక్సు అను నతడు, పోపు రెండవ గ్రెగరీ ప్రోత్సాహమున కొండ యెక్కి మఠమును పునరుద్ధరించెను. తరువాత పోపు జకారియా ఆ పాత నియమావళి పుస్తకమును, తూనికరాతిని, కొలతపాత్రను తిరిగి మఠమునకు చేర్చెనని చెప్పుదురు. ఆ పుస్తకము బెనెడిక్టు స్వహస్తముతో వ్రాసినదని వారి నమ్మకము.

ఇచ్చటినుండి ఆ పుస్తకము కథను కొంచెము శ్రద్ధగా వినుడు. 787లో ఫ్రాంకుల రాజు షార్లమేను ఆ మఠమును దర్శించెను. తన రాజ్యములోని మఠములన్నిటను ఒకే నియమము నడువవలెనని ఆయన కోరిక. అందుకై మూలమునుండి సరిచూచిన నకలు కావలెనని అడుగగా, మఠాధిపతి థియొడెమారు వ్రాయించి పంపెను. షార్లమేను కుమారుడగు లూయీ కాలమున, 816, 817 సంవత్సరములలో ఆహెన్ నగరమున జరిగిన సభలు ఆ నియమమునే సామ్రాజ్యమందంతట అమలు జరుపవలెనని నిర్ణయించెను. ఒక కొండమీది ఇంటికొరకు వ్రాసిన నియమము ఖండమునకు నియమమైనది. ఆహెన్ ప్రతినుండి ఇద్దరు యువసన్యాసులు అక్షరము అక్షరము సరిచూచి మరియొక ప్రతి వ్రాసికొనిరి. తప్పని తోచినచోట గూడ మూలమును దిద్దక, ఉన్నదున్నట్లు దించి, సవరణను అంచున గుర్తించిరి. ఆ ప్రతి నేడును స్విట్జర్లాండులోని సెంట్ గాల్ గ్రంథాలయమున భద్రముగ నున్నది. మరి మూలమో? 896లో అగ్నిప్రమాదమున భస్మమైపోయినది. బెనెడిక్టు వ్రాసినదనబడు పుస్తకము లేదు. దాని నకలునకు నకలు ఉన్నది. ప్రపంచము ఆ నకలునుబట్టియే ఆయన వాక్యమును తెలిసికొనుచున్నది.

‘నిజమైన ప్రతి’ అని సంతకము పెట్టుట మనకు నిత్యకృత్యము. ఆ సంతకమునకు ఎంత బరువున్నదో ఈ కథ వినినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

896 నాటి ఆ అగ్నిప్రమాదము కొండమీద జరుగలేదు. అప్పటికే మఠము రెండవమారు కూలియున్నది. 883లో సారసెను దండులు వచ్చి దానిని కాల్చి, మఠాధిపతి బెర్తారియసును చంపిరి. సన్యాసులు తెయానో అను పట్టణమున తలదాచుకొనిరి; పుస్తకము కాలినది అక్కడనే. పిమ్మట కాపువా నగరమున వసించి, 949 తరువాత అలిగెర్నుసు అను మఠాధిపతి కాలమున మరల కొండ కెక్కిరి.

ప్రవాసము ముగిసి యింటికి వచ్చినవారికి మొదటి చిక్కు ఏమియో మీరు ఊహింపవచ్చును. భూములను ఇతరు లాక్రమించుకొని యుండిరి. 960 మార్చి నెలలో కాపువా నగరమున ఒక న్యాయమూర్తి యెదుట అట్టి వ్యాజ్యమొకటి విచారణకు వచ్చెను. సాక్షులు ముగ్గురు. ఆ పొలములు ఆ యెల్లలతో ముప్పది యేండ్లు బెనెడిక్టు మఠమువారి స్వాధీనమున నుండెనని వారు ఒకరి తరువాత ఒకరు ప్రమాణపూర్వకముగ చెప్పిరి. తీర్పంతయు ఆనాటి ఆచారము ప్రకారము లాటినులో వ్రాసిన లేఖకుడు, సాక్షుల వాక్యమును మాత్రము వారు పలికిన వాడుకభాషలోనే దించెను. ఇటాలియను భాషకు తొలి లిఖిత సాక్ష్యముగా పండితులు ఆ వాక్యమునే చూపుదురు. డాంటే పుట్టుటకు మూడు వందల యేండ్లకు ముందు, ఒక భాష తన నోరు తెరచినది కావ్యమున గాదు, భూమి తగవు కాగితమున. ఆ కాగితము నేటికిని కాసినో మఠపు దస్తావేజుల గదిలో ఉన్నది. దస్తావేజులు భద్రపరచుట నీరసమైన పని యనుకొను మిత్రులు ఈ సంగతి జ్ఞాపకముంచుకొందురు గాక.

మఠమునకు స్వర్ణయుగము పదునొకండవ శతాబ్దము. 1058లో మఠాధిపతియైన డెసిడీరియసు మహా నిర్మాత. పాత దేవాలయమును తొలగించి, రోమునుండి పాలరాతి స్తంభములను, కాన్‌స్టాంటినోపిల్‌నుండి కంచు తలుపులను, రంగురాళ్ళ చిత్రములు కూర్చు నిపుణులను రప్పించి క్రొత్త ఆలయమును కట్టించెను. 1071 అక్టోబరు 1వ తేదీన పోపు రెండవ అలెగ్జాండరు దానిని ప్రతిష్ఠించెను. డెసిడీరియసు తరువాత తానే మూడవ విక్టరు అను పేరిట పోపయ్యెను. ఆయన కాలమునే కాన్‌స్టంటైను అను ఆఫ్రికా వాసి ఆ మఠమున సన్యాసియై చేరెను. ఆయనకు అరబ్బీ భాష వచ్చును. పారసీక వైద్యుడు అల్ మజూసీ వైద్యగ్రంథమును, కైరవాన్ వైద్యుడు ఇబ్నుల్ జజ్జారు గ్రంథమును, మరికొన్నిటిని లాటినులోనికి తెచ్చి, వానిలో ముఖ్యమైన దానిని డెసిడీరియసునకే అంకిత మిచ్చెను. సలెర్నో నగరమున వర్ధిల్లిన వైద్యవిద్యకును, తరువాత యూరపు విశ్వవిద్యాలయముల వైద్య బోధనకును ఆ గ్రంథములు పాఠ్యములైనవి. అరబ్బీ మాటలాడువారు రెండు వందల యేండ్ల క్రిందట ఆ మఠమును కాల్చిరి. అరబ్బీ గ్రంథములే ఇప్పుడు ఆ మఠమునుండి పడమటి దేశముల రోగులకు మందు పంచెను. పగను గుర్తుంచుకొనుటకు కావలసిన కారణము సన్యాసులకు లేకపోలేదు. విద్యను దానికి లోబరుపకుండుటయే వారి గొప్ప.

ఇంతకంటె విచిత్రమైన సంగతి యొకటి కలదు. రోమక చరిత్రకారులలో అగ్రగణ్యుడు టాసిటసు. నీరో చక్రవర్తి కాలమున, 64లో, రోము నగరము తగులబడిన కథ ఆయన గ్రంథమున కలదు. ఆ సందర్భముననే ఆయన క్రైస్తవులను ప్రస్తావించి, వారి మతమును హానికరమగు మూఢవిశ్వాసముగ నిందించెను. ఆ గ్రంథముయొక్క ఉత్తరభాగము, దాని తరువాతి చరిత్రలో మిగిలిన భాగమును మనకు దక్కినవనగా, పదునొకండవ శతాబ్దమున కాసినో మఠమున వ్రాసిన ఒకే యొక ప్రతి మూలముననే. తన విశ్వాసమును తిట్టిన పంక్తిని ఆ లేఖకుడు దీపమెదుట కూర్చుండి వ్రాసెను. కొట్టివేయలేదు, మార్చలేదు, వదలలేదు. అతని పేరు మనకు తెలియదు. తాను అంగీకరింపని వాక్యమును గూడ చెక్కుచెదరకుండ తరువాతివారి కందించుట లేఖకధర్మము. కాగితముపై ఇతరుల అభిప్రాయములను సంగ్రహించి పైకి పంపుటయే వృత్తిగాగల మనకు ఈ పేరులేని మనుష్యుడు దూరపు బంధువు.

ఆ ప్రతి వ్రాయబడిన లిపిని గూర్చి ఒక మాట. దక్షిణ ఇటలీలో అయిదు వందల యేండ్లకు పైగా వాడుకలోనున్న ఆ లిపిని బెనెవెంటను లిపి యందురు. అక్షరములు కోణములతో విరిగినట్లుండును. తరువాతి కాలమున ఆ లిపి వాడుక తప్పినది. టాసిటసు ప్రతి ఫ్లారెన్సునకు చేరినపిమ్మట, 1427లో పోజియో అను మహాపండితుడు దానిని చూచి, ఈ లంబార్డు అక్షరములు చదువరాకున్నవని విసుగుకొని తిరిగి పంపివేసెను. పుస్తకము బ్రదికియున్నది, భాష తెలిసిన పండితుడును ఎదుటనే యున్నాడు, నడుమ లిపి యను తలుపు మూతపడినది. ఈ సంగతిని మీరు మరువకుడు; కడపట దీనితో నాకు పనియున్నది.

1349 సెప్టెంబరులో భూకంపము వచ్చి డెసిడీరియసు కట్టించిన మహాలయమును కూల్చివేసెను. ఇది మూడవ పతనము. కాని ఆ శతాబ్దమున మఠమునకు భూకంపముకంటె గొప్ప కీడు మరియొకటి జరిగినది. అంతకుముందే డాంటే తన మహాకావ్యమున బెనెడిక్టు నోటనే మఠముల పతనమును నిందింపజేసెను. కథకుడు బొకాచియో కాసినోకు పోయి గ్రంథాలయము చూపుమని అడిగిన ఉదంతమును ఆయన శిష్యుడు బెన్‌వెనూతో వ్రాసియుంచెను. గ్రంథాలయమునకు తలుపు లేదట. కిటికీలలో గడ్డి మొలిచినదట. పుస్తకముల అంచులు కత్తిరింపబడి, ఆకులు చినిగి దుమ్ములో పడియున్నవట. ఎందుకిట్లు జరిగినదని అడుగగా, కొందరు సన్యాసులు నాలుగు కాసులకొరకు తోలుకాగితమును గీకి, బాలురకు కీర్తనల పుస్తకములును, స్త్రీలకు తాయెత్తులును చేసి అమ్ముకొనుచున్నారని ఒకడు చెప్పెనట. బొకాచియో కన్నీటితో మెట్లు దిగి వచ్చెనట. కథకుడు చెప్పిన కథ గనుక కొంత రంగు కలిసియుండవచ్చును. కాని చెప్పవలసినది చెప్పినది. లంబార్డులు కొల్లగొట్టినప్పుడు గోడలు పోయినవి, నియమము మిగిలినది. ఇప్పుడు సన్యాసులు ఉన్నారు, నియమము పోయినది. సంస్థకు నిజమైన ప్రమాదము ఎటనుండి వచ్చునో ఈ రెండు దృశ్యములను ప్రక్కప్రక్కన నిలిపి చూచినచో తెలియును.

అయినను మఠము మరల కోలుకొన్నది. 1504లో సంస్కరింపబడిన మఠముల సమాఖ్యలో చేరి క్రమశిక్షణను తిరిగి సంపాదించుకొన్నది. 1799లో ఫ్రెంచి సేనలు కొల్లగొట్టినవి. 1866లో ఇటలీ ప్రభుత్వము మఠములనన్నిటిని రద్దుచేసినప్పుడు కాసినో జాతీయ స్మారకమైనది. సన్యాసులు తమ యింటికే ప్రభుత్వ పక్షమున కావలివారుగ నియమింపబడిరి. ఇంటి యజమాని కావలివాడైనను వారు ఇల్లు విడువలేదు.

ఇప్పుడు మన దేశమునకు సంబంధించిన ఘట్టము వచ్చుచున్నది. రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యసేనలు నేపుల్సునుండి రోమునకు నడచుచుండగా, దారికి కావలిగానున్న కాసినో కొండ జర్మనుల రక్షణరేఖకు ఆయువుపట్టయ్యెను. 1943 అక్టోబరులో జర్మను సైన్యమునకు చెందిన ష్లేగెల్, బెకర్ అను ఇద్దరు అధికారులు రాబోవు ప్రమాదమును గ్రహించి, మఠాధిపతి డియమారెను ఒప్పించి, గ్రంథములను, దస్తావేజులను లారీలకెక్కించి రోమునకు చేర్పించిరి. భద్రతకై అక్కడ ఉంచబడిన నేపుల్సు మ్యూజియము చిత్రములలో కొన్ని దారితప్పి జర్మనీ దిక్కునకు పోయి, యుద్ధానంతరము ఆస్ట్రియాలోని ఒక ఉప్పుగనిలో దొరికినవి. తక్కిన సంపద దక్కినది.

1944 ఫిబ్రవరిలో ఆ కొండను పట్టుకొను భారము పడినది 4వ భారత డివిజనుపై. దాని అధిపతి జనరల్ టకర్. కొండమీది కట్టడము ఎంత బలమైనదో చెప్పు పత్రము సైన్యమువారియొద్ద లేకపోగా, ఆయన నేపుల్సులోని పుస్తకముల అంగళ్ళు వెదకి, 1879లో అచ్చయిన ఒక గ్రంథమును సంపాదించి, గోడల మందమును అందుండి తెలిసికొనెను. పుస్తకములను కాపాడిన ఇంటిని కూల్చుటకు గూడ పుస్తకమే దారిచూపవలసివచ్చెను! ఫిబ్రవరి 15వ తేదీన రెండువందలకు పైగా విమానములు మఠముపై బాంబుల వర్షము కురిపించినవి. లోపల వృద్ధుడగు మఠాధిపతి, కొలదిమంది సన్యాసులు, ఆశ్రయముకొరకు వచ్చిన వందలాది గ్రామస్థులు ఉండిరి. ఆ గ్రామస్థులలో అనేకులు మరణించిరి. బాంబులు పడునాటికి మఠములో జర్మను సైనికులు లేరని తరువాతి పరిశోధనలు తేల్చినవి. గోడలు కూలినపిమ్మటనే వారు ఆ శిథిలములలో చేరి, వానినే కోటగా చేసికొనిరి. 17వ తేదీ తెల్లవారుజామున డియమారె పెద్ద కొయ్యశిలువ వెంట, మిగిలినవారిని తీసికొని కొండ దిగెను. ఇది నాలుగవ పతనము.

తరువాతి మూడు నెలలు ఆ కొండ వాలులపై జరిగిన పోరాటమున మనవారి రక్తము ధారాళముగ ప్రవహించినది. రాజపుటానా రైఫిల్సు, గూర్ఖా రైఫిల్సు దళములు రాత్రివేళలందు రాళ్ళపై ప్రాకి యెక్కినవి. మార్చినెలలో ఒక గూర్ఖా దళము మఠపు గోడలకు కొలది వందల గజముల దూరమునగల గుట్టను పట్టుకొని, విమానములనుండి జారవిడిచిన ఆహారముతో వారము దినములకు పైగా నిలిచినది. ఆ డివిజను ఇంజనీరు దళములలో మద్రాసు శాపర్ల కంపెనీయును ఉండెను. తమిళ, కన్నడ, మలయాళ సోదరులతోపాటు తెలుగువారును చేరుచుండిన దళమది. మే 12వ తేదీన గారి నది దాటునప్పుడు 8వ భారత డివిజనులోని పందొమ్మిదేండ్ల సిపాయి, రాజస్థానమునకు చెందిన కమల్ రామ్, విక్టోరియా క్రాసు నార్జించెను. మే 18వ తేదీన పోలెండు సైనికులు శిథిలములపై తమ పతాక నెత్తిరి. నేడు కొండ క్రింది కామన్‌వెల్తు శ్మశానమున నాలుగు వేలకు పైగా సమాధు లున్నవి. సమాధి తెలియనివారి పేర్లు అచ్చటనే పలకలపై మరి నాలుగు వేలకు పైగా చెక్కబడియున్నవి. వానిలో మన దేశపు పేర్లు అనేకము. బెనెడిక్టు ఎవరో, కాసినో ఎచ్చటనో ఎరుగక, తమ పల్లెలకు ఇన్ని వేల మైళ్ళ దూరమున ఒరిగిన ఆ యువకులకు మనము ఒక నిమిషము తల వంచుట ధర్మము.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆ మఠమును ఎట్లుండెనో అట్లే, ఎక్కడ నుండెనో అక్కడనే కట్టవలెనని నిశ్చయింపబడినది. రోములో భద్రపరచిన గ్రంథములు తిరిగి వచ్చినవి. ప్రధాన పీఠము క్రిందనున్న బెనెడిక్టు సమాధికి ఆశ్చర్యకరముగ హాని కలుగలేదు. 1964 అక్టోబరు 24వ తేదీన పోపు ఆరవ పౌలు క్రొత్త ఆలయమును ప్రతిష్ఠించి, అదే దినమున బెనెడిక్టును యూరపుఖండమునకు రక్షకఋషిగ ప్రకటించెను. నరికివేయబడినను తిరిగి చిగిర్చునను భావముగల లాటిను మాట ఆ మఠమునకు బిరుదవాక్యము. 2014లో చుట్టుపట్ల గ్రామములపై ఆ మఠమునకుండిన మతపాలనాధికారము తొలగింపబడి, కొండమీది యిల్లు మాత్రమే దాని యధికారమున మిగిలినది. ఒకప్పుడు ఎన్నో కోటలకును, ఊళ్ళకును ప్రభువైన మఠము నేడు కొలదిమంది సన్యాసుల నివాసము. అయినను ఆ 73 అధ్యాయములను అనుసరించువారు ఖండఖండములందు ఉన్నారు. మన దేశముననే, కావేరీ తీరమున కుళిత్తలై యొద్ద, 1950లో స్థాపింపబడిన శాంతివనమను ఆశ్రమపు స్థాపకు లిద్దరిలో ఒకడు బెనెడిక్టు సంప్రదాయపు సన్యాసియే.

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానము చెప్పవచ్చును. మిగిలినది రాయి కాదు, భూమి కాదు, తుదకు మూలపుస్తకము గూడ కాదు. దినదినము అనుసరింపబడిన నియమమును, శ్రద్ధతో దించిన నకలును మిగిలినవి. అనుసరించువారు మరచినప్పుడు శత్రువు అక్కరలేకయే సంస్థ కూలినది. వారు జ్ఞాపకముంచుకొన్నప్పుడు బాంబులు గూడ దానిని నిర్మూలింపలేకపోయినవి.

ఈ సభలోనున్న మనమందరము బదిలీలపై బ్రదుకువారము. మూడేండ్లకో, అయిదేండ్లకో సామాను కట్టుకొని ఊరు మారుట మనకు అలవాటు. పెట్టెలలో ఏమేమి సర్దవలెనో గృహిణులకు కంఠతా వచ్చును. కాని కొండ దిగి పారిపోయిన ఆ సన్యాసుల జాబితాను మరియొకమారు తలచుకొనుడు. మనము ఊరూర మోసికొని పోవుచున్న సామానులో మన నియమమేది? మన కొలత ఏది? మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుచున్నారు; వినుటకు సంతోషముగ నున్నది. కాని వారిలో ఎందరు తెలుగు అక్షరమును చదువగలరు? తాతగారు వ్రాసిన ఉత్తరమును చేతికిచ్చినచో ఎందరు విప్పి చదువుకొనగలరు? లిపి యను తలుపు మూతపడినప్పుడు భాష తెలిసిన పండితునికిని పుస్తకము మూగదైనది. మన యింటి బీరువాలలోని పుస్తకములు మన పిల్లల యెదుట అట్లు మూగపోకుండుటకు పెద్ద భవనములు అక్కరలేదు. గొప్ప నిధులు అక్కరలేదు. రోజునకు ఒక పుట పెద్దలు చదివి వినిపించి, ఒక పుట పిల్లలచేత వ్రాయించు నియమమున్న చాలును. ఆ మఠపు నియమములో మొదటి మాట ‘వినుము’ అని మనవి చేసితిని. వినిన తరువాతి పని వ్రాయుట. ఆ రెండును ఉన్న యిల్లు ఏ ఊరికి బదిలీ యైనను చెదరదని నా విశ్వాసము.